స్లాబ్ వేశాక నీళ్లు ఎన్నాళ్లు పట్టాలి? ఇందిరమ్మ ఇళ్ల లబ్ధిదారులకు సూచనలు

ఇందిరమ్మ ఇంటికి వచ్చే 5 లక్షల్లో స్లాబ్ దశకూ ఒక వాటా ఉంటుంది. స్లాబ్ పడింది, ఫొటో ఎక్కింది, ఇక బిల్లు కోసం చూడటమే అనుకుంటారు చాలామంది. కానీ స్లాబ్‌కు బలం వచ్చేది ఆ తర్వాతి రోజుల్లోనే.

కాంక్రీటు ఆరి గట్టిపడదు. సిమెంటు నీటితో కలిసి కొత్త పదార్థంగా మారుతుంది. ఇసుకను, కంకరను పట్టి ఉంచేది అదే. 50 కిలోల బస్తా పూర్తిగా మారాలంటే సుమారు 12 లీటర్ల నీరు అందులోనే కలిసిపోవాలి, ఇంకొంత దాని సన్నని రంధ్రాల్లో నిలవాలి. కలిపేటప్పుడు 25 లీటర్ల దాకా పోస్తాం కదా, చాలదా? అది లోపలే ఉంటే చాలు. ఎండకు, గాలికి ఎగిరిపోతుందిగా! కాంక్రీటు లోపలి తేమ 80 శాతం కన్నా తగ్గితే ఈ మార్పు దాదాపు ఆగిపోతుంది. పై పొర ముందే ఆరి ముడుచుకుంటుంది, కింది పొర ముడుచుకోదు, దాంతో పగుళ్లు. వానాకాలంలో నీళ్లు దిగేది అక్కడినుంచే.

అలాగని మేస్త్రి మాల్‌లో నీళ్లు ఎక్కువ పోస్తానంటే ఒప్పుకోవద్దు. మిగులు నీరు పోయిన చోట ఖాళీలు పడి బలం తగ్గుతుంది.

ఎన్నాళ్లు అనేది బస్తా మీద చూడండి. ఓపీసీ అయితే కనీసం 7 రోజులు, ఎండాకాలంలో 10. బూడిద కలిసిన పీపీసీ అయితే 10కి తగ్గొద్దు, 14 మంచిది. అది నిదానంగా బలం పుంజుకుంటుంది.

స్లాబ్ బిగిసిన వెంటనే తడి గోనె సంచులు కప్పండి. మర్నాడు చిన్న గట్లు కట్టి, పొలంలో మళ్లలా రెండంగుళాల నీళ్లు నిలపండి. పొద్దున, సాయంత్రం పైపు పట్టి పోతే మధ్యాహ్నానికే ఆరిపోతుంది, అది లెక్కలోకి రాదు. గోనెలు దొరక్కపోతే వరిగడ్డి పరిచి తడిపినా నడుస్తుంది. ఉప్పునీళ్లు మాత్రం వద్దు, లోపలి ఇనుము తుప్పు పడుతుంది.

ఇక సెంట్రింగ్. అద్దె పెరుగుతోందని తొందరగా విప్పేస్తారు. గది వెడల్పు నాలుగున్నర మీటర్ల లోపైతే స్లాబ్ కింది కర్రలు కనీసం 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు ఉండాలి. ఇది ఓపీసీ లెక్క. పీపీసీ వాడినా, చలికాలమైనా ఇంకొన్నాళ్లు ఆగాలి. ఎప్పుడు తీయాలో మీ ఏఈని అడిగాకే తీయించండి.