కుళాయి వెనుక ఉన్న అప్పు

పిల్లలూ, బదిలీ మీద కొత్త ఊరికి వెళ్లగానే మన ఇళ్లలో అందరూ అడిగే మొదటి ప్రశ్న ఒకటుంది: “ఇక్కడ నీళ్లు ఎన్ని గంటలకు వస్తాయి?” ఆంధ్రలో కుళాయి అన్నా, తెలంగాణలో నల్లా అన్నా ప్రశ్న మాత్రం అదే. ఆ నీళ్లు తెచ్చే గొట్టాలకు డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందని మాత్రం ఎవరమూ అడగం. ఈసారి ఆ సంగతి తెలుసుకుందాం.

ముందు ఒక లెక్క. భూగర్భ మురుగు కాలువలున్న పట్టణంలో మనిషికి రోజుకు 135 లీటర్ల నీరు అందాలని కేంద్ర ప్రభుత్వ ప్రమాణం. లక్ష జనాభా ఉన్న ఊరికి రోజుకు 1 కోటి 35 లక్షల లీటర్లు కావాలన్నమాట. అందులో సుమారు 80 శాతం మురుగునీరుగా మారి బయటికి వస్తుంది. వచ్చే నీటికి గొట్టాలు, ట్యాంకులు, శుద్ధి కేంద్రం ఎంత అవసరమో, పోయే నీటికీ అంతే అవసరం. ఈ రెండో పని వదిలేస్తే ఆ మురుగు చెరువులోకి, వాగులోకి చేరుతుంది. నేలలోకి ఇంకి బోరుబావులనూ పాడుచేస్తుంది.

ఈ పనులు ఎవరివి? 1993లో అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ 12వ షెడ్యూలును చేర్చింది. మున్సిపాలిటీలకు అప్పగించదగిన పనుల జాబితా అది. నీటి సరఫరా, పారిశుద్ధ్యం అందులో ఉన్నాయి. పని అప్పగించినంత తేలికగా డబ్బు రాదు కదా! ఇంటి పన్ను, నీటి పన్ను చాలావరకు జీతాలకు, పంపుల కరెంటు బిల్లులకే సరిపోతాయి. 2015లో 500 నగరాలతో మొదలైన అమృత్ వంటి పథకాల ద్వారా కేంద్రం గ్రాంటు ఇస్తుంది. గ్రాంటు తిరిగి కట్టనక్కరలేదు. అయితే అది మొత్తం ఖర్చుకు సరిపోదు. మిగిలిన దానికి అప్పు చేయాలి.

అప్పు అనగానే మన పెద్దలు కంగారు పడతారు. మరి ఊరికి అప్పు మంచిదేనా? లెక్క వేసి చూద్దాం. ఒక పట్టణంలో 25 వేల ఇళ్లున్నాయి, పనికి 10 కోట్ల రూపాయలు కావాలి అనుకుందాం. ఒకేసారి వసూలు చేస్తే ఇంటికి 4,000 రూపాయలు. 8 శాతం వడ్డీకి 15 ఏళ్ల అప్పు తీసుకుంటే ఏటా కట్టాల్సింది సుమారు 1 కోటి 17 లక్షలు. అంటే ఇంటికి నెలకు దాదాపు 39 రూపాయలు. వడ్డీ వల్ల మొత్తం మీద దాదాపు 7,000 రూపాయలు అవుతుంది, నిజమే. కానీ రోజు కూలీ చేసుకునే ఇంటికి కూడా అది అందుబాటులో ఉంటుంది. పైగా గొట్టం ముప్పై ఏళ్లు పనిచేస్తుంది. ఇవాళ్టివాళ్లే మొత్తం భరించకుండా, రేపు ఆ నీళ్లు తాగేవాళ్లు కూడా తమ వంతు కడతారు.

మున్సిపాలిటీ తనంతట తాను అప్పు తేలేదు. ప్రభుత్వ అనుమతి ఉండాలి. అప్పిచ్చే మార్గాలు కొన్ని ఉన్నాయి. 1970లో ఏర్పడిన హడ్కో కేంద్ర ప్రభుత్వ సంస్థ. చిన్న, మధ్యతరహా నగరాల కోసం 2023 బడ్జెట్‌లో ప్రకటించిన పట్టణ మౌలిక సదుపాయాల అభివృద్ధి నిధిని జాతీయ గృహనిర్మాణ బ్యాంకు నడుపుతోంది. పెద్ద నగరాలు బాండ్లు కూడా అమ్ముతాయి. 1998లో అహ్మదాబాద్ నగరపాలక సంస్థ రాష్ట్ర ప్రభుత్వం పూచీ లేకుండానే 100 కోట్ల రూపాయల బాండ్లు జారీ చేసి, నీటి సరఫరా, మురుగునీటి పనులకు వాడింది. చిన్న ఊళ్లను నమ్మి ఎవరు కొంటారు? తమిళనాడు దీనికి ఉపాయం కనిపెట్టింది. డజనుకు పైగా చిన్న పట్టణాలను ఒక జట్టుగా కట్టి, వాటి తరఫున ఒకే నిధి ద్వారా 30 కోట్ల పైచిలుకు బాండ్లు జారీ చేసింది.

అప్పు తేవడం ఒక ఎత్తు, తీర్చడం మరో ఎత్తు. చెన్నై విమానాశ్రయానికి దగ్గర్లోని ఆలందూరు కథ ఇక్కడ చెప్పుకోవాలి. అప్పట్లో అది వేరే మున్సిపాలిటీ. ఇళ్లకు సెప్టిక్ ట్యాంకులే గతి. 1990ల చివర భూగర్భ మురుగునీటి పథకం తలపెట్టినప్పుడు, మున్సిపాలిటీ వాళ్లు, కాలనీ సంఘాల వాళ్లు ఇంటింటికీ తిరిగి పథకం గురించి చెప్పారు. ఇంటికి 5,000 రూపాయల డిపాజిట్, కనెక్షన్ వచ్చాక నెలకు 150 రూపాయలు అన్నారు. వేలమంది ముందే డిపాజిట్ కట్టారు. మిగతా సొమ్ములో పెద్ద భాగం అప్పుగా వచ్చింది. ముందు జనాన్ని కూడగట్టడంలోనే కిటుకు ఉంది. శుద్ధి కేంద్రం కట్టాక ఇళ్లవాళ్లు కనెక్షన్ తీసుకోకపోతే కేంద్రం ఖాళీగా ఉంటుంది. వడ్డీ మాత్రం ఆగదు. అప్పుడు మరమ్మతుల డబ్బు వాయిదాలకు పోతుంది, లీకులు అలాగే ఉండిపోతాయి.

ఇందులో మన సంగతేమిటి? మనలో చాలామందిమి ఉండే క్వార్టర్లు కేంద్ర ప్రభుత్వ ఆస్తి. రాజ్యాంగం 285వ అధికరణ ప్రకారం వాటి మీద మున్సిపాలిటీ ఆస్తి పన్ను వేయలేదు. అయితే ఆ ఊరి నీళ్లు, కాలువలు మనమూ వాడతాం గనుక వాటికి బదులుగా సేవా రుసుము చెల్లించే ఏర్పాటు ఉంది. “మనం సర్కారు వాళ్లం, మనకు అన్నీ ఉచితం” అని ఎవరైనా అంటే ఈ మాట చెప్పండి.

మనం ఒక ఊళ్లో మూడేళ్లో నాలుగేళ్లో ఉంటాం. అప్పు పదిహేనేళ్లు ఉంటుంది. మనం తాగే నీటికి మనకంటే ముందు ఆ ఊళ్లో ఉన్నవాళ్లు వాయిదాలు కట్టారు. మనం కట్టే బిల్లు మన తర్వాత వచ్చేవాళ్లకు పనికొస్తుంది. అందుకే ఈసారి ఇంటికి నీటి బిల్లు వస్తే ఒకసారి తీసి చదవండి. నీటికి ఎంత, మురుగుకు ఎంత వేశారో చూడండి. వీధిలో గొట్టం పగిలి నీళ్లు పోతుంటే, “మన ఊరు కాదులే” అనుకోకుండా మున్సిపాలిటీకి ఫోన్ చేయించండి. ఉన్నన్నాళ్లూ అది మన ఊరే.