గుడి, చెరువు, అడవి – మధ్యలో ఊరు

ములుగు జిల్లా పాలంపేటలో రామప్పగుడిని 1213లో కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు. 2021లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ కట్టడంగా గుర్తించింది. సంతోషమే. గుడి దగ్గరే రామప్ప చెరువు. అదే జిల్లాలో లక్నవరం చెరువు, ఏటూరునాగారం అభయారణ్యం.

చూడవచ్చేవాళ్లకు ఇదంతా ఒకే దారి. పెత్తనాలు మాత్రం వేరువేరు. గుడి కేంద్ర పురావస్తు శాఖది, చెరువు నీటిపారుదల శాఖది, పడవలు పర్యాటక శాఖవి, అడవి అటవీ శాఖది. మరి ఊరి మాట వినేదెవరు? బస్సు దిగినోడు గుడి చూసి, ఫోటో దిగి, పొద్దుగూకేసరికి హనుమకొండ చేరితే ఊరికి మిగిలేదేమిటి?

మేమనేది ఒకటే. నాలుగు శాఖలూ ఒక్కచోట కూర్చోవాలి. అక్కడ ఆయకట్టు రైతుకు, కూలీకి, కోయగూడేల గ్రామసభలకు చోటుండాలి. రాబడిలో ఊరికి వాటా రావాలి. దారి చూపే పని, వంట పని, పూడిక తీసే పని ఇక్కడివాళ్లకే ఇవ్వాలి. పడవల కోసమని యాసంగి నీళ్లు ఆపొద్దు. తునికాకు, ఇప్పపువ్వు ఏరుకునే హక్కు 2006 అటవీ హక్కుల చట్టం ఇచ్చిందే. అభయారణ్యం పేరు చెప్పి దాన్ని కాదనొద్దు.

అడవి నిలిస్తే చెరువు నిండుద్ది. చెరువు నిండితే పొలం పండుద్ది. పొలం పండితేనే గుడి చూడవచ్చినోడికి ఊళ్లో ఇంత అన్నం దొరికేది.