షార్డొనే: ద్రాక్ష ఒక్కటే.. రుచులెన్నో! ఏప్రిల్ వస్తే రైతులకు నిద్ర ఎందుకు పట్టదు?

వైట్ వైన్ గురించి మాట్లాడితే ముందుగా వినిపించే పేర్లలో షార్డొనే ఒకటి. ఇదేదో కంపెనీ బ్రాండ్ అనుకునేవాళ్లు చాలామందే ఉంటారు. కానీ ఇది ఒక ద్రాక్ష రకం. దీని సొంత గడ్డ ఫ్రాన్స్‌లోని బర్గండీ. అక్కడ ఇదే పేరుతో ఓ చిన్న ఊరు కూడా ఉంది. విచిత్రం ఏంటంటే.. ఇంత పేరున్న ఈ ద్రాక్షకు ఘాటైన సొంత రుచంటూ పెద్దగా లేదు. పెరిగిన నేల, ఆ ఏడాది వాతావరణం, తయారు చేసే విధానం.. ఈ మూడే దాని రుచిని తేలుస్తాయి.

తల్లిదండ్రులు ఎవరు?
షార్డొనే పుట్టుక చాలాకాలం మిస్టరీగానే ఉండిపోయింది. 1999లో డీఎన్ఏ పరీక్షలతో ఆ ముడి వీడింది. ఒకవైపు బర్గండీకి పేరు తెచ్చిన పినో ద్రాక్ష. రెండోవైపు గువే బ్లాన్. ఒకప్పుడు ఇది పేద రైతుల ద్రాక్ష, నాసిరకమని చిన్నచూపు చూసేవారు. ఆ రెండూ కలిసి పుట్టిందే షార్డొనే.

రుచి ఎలా మారుతుంది?
బర్గండీలో ఉత్తర భాగాన ఉన్న షాబ్లీ చల్లటి ప్రాంతం. అక్కడి సున్నపు నేలల్లో కోట్ల ఏళ్ల నాటి ఆల్చిప్పల శిలాజాలు కనిపిస్తాయి. అక్కడి వైన్‌లో పులుపు ఎక్కువ. నిమ్మ, పచ్చి ఆపిల్ గుర్తొస్తాయి. అదే ఎండ ఎక్కువగా ఉండే చోట పండులో చక్కెర పెరుగుతుంది, పులుపు తగ్గుతుంది. వైన్‌లో పైనాపిల్, మామిడి లాంటి వాసనలు వస్తాయి. చక్కెరే ఆల్కహాల్‌గా మారుతుంది కాబట్టి ఆ శాతం కూడా పెరుగుతుంది.

పెరుగుకూ దీనికీ లింక్ ఏంటి?
ద్రాక్షలోని మాలిక్ యాసిడ్‌ను కొన్ని బ్యాక్టీరియా ల్యాక్టిక్ యాసిడ్‌గా మారుస్తాయి. పెరుగులో ఉండే పులుపు ఇదే. దీంతో నాలుకను కొరికే గుణం తగ్గి వెన్నలాంటి వాసన వస్తుంది. ఆ తర్వాత ఓక్ చెక్క పీపాల్లో ఉంచితే వెనీలా, కాల్చిన బ్రెడ్ వాసనలు తోడవుతాయి. స్టీల్ ట్యాంకుల్లో ఉంచితే పండు వాసనే నిలుస్తుంది.

ఫ్రాన్స్‌కు షాక్
1976 మే 24న పారిస్‌లో సీసాల పేర్లు కనపడకుండా రుచి పోటీ పెట్టారు. జడ్జిలంతా ఫ్రెంచ్ వాళ్లే. కానీ వైట్ వైన్లలో మొదటి స్థానం కాలిఫోర్నియాకు చెందిన షాటో మాంటెలీనా 1973 షార్డొనేకు దక్కింది. బర్గండీ వైన్లు వెనకబడ్డాయి. ఈ ద్రాక్షతో బయట కూడా గొప్ప వైన్ చేయొచ్చని ఆ రోజుతో అందరికీ తెలిసొచ్చింది.

లేబుల్‌పై పేరు ఉండదా?
అమెరికా, ఆస్ట్రేలియా సీసాలపై సాధారణంగా ద్రాక్ష పేరే పెద్దగా కనిపిస్తుంది. ఫ్రాన్స్‌లో ఊరి పేరుకే విలువ. షాబ్లీ అని రాసి ఉంటే చాలు.. లోపల ఉన్నది షార్డొనేనే.

ఏప్రిల్ గండం
ఈ తీగ తొందరగా చిగురిస్తుంది. అదే దానికి ముప్పు. 2021లో మార్చి చివర్లో వెచ్చదనానికి చిగుళ్లు వచ్చేశాయి. ఏప్రిల్‌లో ఒక్కసారిగా గడ్డకట్టే చలి విరుచుకుపడింది. షాబ్లీ రైతులు రాత్రంతా తోటల్లో పెద్ద కొవ్వొత్తులు వెలిగించి కాపలా కాశారు. అయినా చాలా తోటల్లో పంట పోయింది. కొందరు చిగుళ్లపై నీళ్లు చల్లుతారు. నీరు గడ్డకట్టేటప్పుడు వదిలే వేడి, లోపలి చిగురును కాపాడుతుంది. కొమ్మల కత్తిరింపును ఆలస్యం చేసి చిగుళ్లను వెనక్కి నెట్టేవారూ ఉన్నారు.

వాతావరణం మారుతోందనడానికి పాత లెక్కలే సాక్ష్యం. బర్గండీలోని బోన్ పట్టణంలో 1354 నుంచి ద్రాక్ష కోత తేదీల రికార్డులున్నాయి. 1988 తర్వాత కోతలు అంతకుముందుకన్నా సగటున 13 రోజులు ముందే మొదలవుతున్నాయి. నేలను, వాతావరణాన్ని బట్టి రుచి మార్చుకునే ద్రాక్ష ఇది. ఎండలు ఇలాగే పెరిగితే షాబ్లీ అనే పేరు అలాగే ఉంటుంది.. సీసాలోని ఆ పులుపు మాత్రం ఉంటుందా అన్నదే అక్కడి రైతుల ముందున్న ప్రశ్న.