నిశ్చల జలాలలో భయం

గాలివాన చెలరేగినప్పుడు పడవలోనివాడు భయపడితే ఎవరూ ఆశ్చర్యపడరు. కాని గాలి స్తంభించి, సముద్రం అద్దంవలె నిలిచిన వేళ ఆరితేరిన వేటగాడు వణికిపోయినాడంటే నమ్మడం కష్టం. గ్రీన్‌లాండు పశ్చిమ తీరాన సీలు జంతువులను వేటాడి బ్రదికిన ఇన్యూట్ ప్రజలకు ఇట్టి భయం చిరకాలంగా తెలిసినదే. వారి భాషలో దీనికి నంగియార్నెక్ అని పేరు. వైద్యులు దీనిని 'కయాక్ భయం' అన్నారు.

కయాక్ అనేది ఒక్కడు కూర్చుండి నడిపే సన్నని పడవ. కొయ్య చట్రానికి సీలు చర్మం బిగించి కుట్టి దానిని తయారుచేసేవారు. పొడవు సుమారు 5 మీటర్లు. వెడల్పు ఇంచుమించు అర మీటరు మాత్రమే. వేటగాడు కాళ్లు చాచుకొని, నడుము వరకు దానిలో ఇమిడి కూర్చుంటాడు. లేచి నిలబడడానికి గాని, పక్కకు జరగడానికి గాని వీలులేదు. చుట్టూ మంచువంటి నీరు. పడవ బోర్లపడి లేవలేకపోతే ప్రాణం దక్కదు.

సీలు తల పైకెత్తే క్షణం కొరకు వేటగాడు కదలక మెదలక కనిపెట్టుకొని ఉంటాడు. నీటిపై ప్రతిఫలించిన ఎండ కండ్లకు మిరుమిట్లు గొలుపుతుంది. ఆకాశం ఎక్కడ ముగిసినదో, నీరు ఎక్కడ మొదలైనదో తెలియదు. అప్పుడు పడవ ముక్కు ఎక్కడికో సాగిపోతున్నట్లు, లోపలికి చన్నీరు ఎక్కుతున్నట్లు, పడవ ఒక పక్కకు ఒరుగుతున్నట్లు తోస్తుంది. నిజానికి ఒక్క చుక్క కూడా లోపలికి రాలేదు. అయినా చేతులు ఆడవు. తల తిప్పి చూడడానికైనా ధైర్యం చాలదు. చిరుగాలికి నీటిపై అలలు లేచినా, మరొక కయాక్ దగ్గరకు వచ్చినా ఆ భ్రాంతి తొలగిపోతుంది. ఇది మళ్లీ మళ్లీ వచ్చిన కొందరు ఒంటరిగా సముద్రంపైకి పోవడమే మానుకొన్నారు. వేటతోనే బ్రదికే కుటుంబానికి అది కూటికి వచ్చిన ముప్పు.

దీనికి కారణమేమి? కాఫీ, పొగాకు మితిమీరి వాడడమే కారణమని పూర్వం కొందరు వైద్యులు తలచినారు. 1963లో జాకరీ గస్సో అనే పరిశోధకుడు వేరొక కారణం చూపినాడు. ఇంద్రియాలకు మేత కరవగుటయే దీనికి మూలమని ఆయన వాదం.

మన శరీరం ఒరిగినదా, నిటారుగా ఉన్నదా అనే వార్తను మెదడుకు చేరవేసే సాధనాలు ముఖ్యంగా మూడు: కండ్లు, లోపలిచెవి, చర్మ కండరాల స్పర్శ. లోపలిచెవిలో ద్రవంతో నిండిన అర్ధవృత్తాకార నాళికలు మూడు ఉన్నవి. తల తిరుగుడు మొదలైనప్పుడు, ఆగినప్పుడు అవి చక్కగా గుర్తిస్తాయి. మిక్కిలి నెమ్మదైన కదలికను గుర్తించలేవు. నిశ్చల జలాలపై కంటికి ఆనవాలు లేదు, చెవికి కదలిక లేదు, చేతికి పని లేదు. వార్తలు రానప్పుడు మెదడు ఊరకుండదు. ఊహతో ఆ ఖాళీ నింపుకొంటుంది.

కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో జరిగి, 1954లో ప్రకటితమైన ప్రయోగాలు ఇందుకు సాక్ష్యం. వెలుతురు తప్ప ఆకారాలు కనిపించని అద్దాలు కండ్లకు పెట్టి, చేతులకు తొడుగులు వేసి, విద్యార్థులను ఊరక పడుకోబెట్టినారు. అందుకు రోజుకు 20 డాలర్లు కూలి. ఆ సుఖమైన పని ఎక్కువ రోజులు చేయగలిగినవారు అరుదు. చాలామందికి లేని దృశ్యాలు కనిపించినవి.

ఒక చిన్న ప్రయోగం తరగతిలోనే చేయవచ్చును. ఒక పాదం వెనుక రెండవ పాదం ఆనించి, గోడ పక్కన నిలబడండి. మిత్రుడొకడు దగ్గర ఉండవలెను. కండ్లు మూసికొనగానే శరీరం ఊగుతుంది. ఇప్పుడు చూపుడువేలి కొసను గోడకు తాకీ తాకనట్లు ఆనించండి. ఊపు తగ్గుతుంది. వేలు మిమ్ములను మోయడం లేదు. మీ స్థితిని గూర్చి మెదడుకు కబురు మాత్రమే అందిస్తున్నది.

కయాక్ నడిపేవారి కొన్ని వింత అలవాట్లకు అర్థం ఇక్కడ దొరుకుతుంది. ఒకడు తెడ్డుతో నీటిని ఊరక తాకుతూ ఉంటాడు. మరొకడు దూరాన గట్టుపై నుండి చూపు మరల్చడు. చూచేవారికి చాదస్తంగా తోచినా, ఇవి ఇంద్రియాలకు వార్తలందించే ఉపాయాలే. భయపడి బిగుసుకొనడం మాత్రం హాని. నడుము వదులుగా ఉంటే పడవ ఊగినా పైశరీరం నిటారుగా నిలుస్తుంది; బిగుసుకొన్నవాడు పడవతోపాటే ఒరుగుతాడు. అంటే లేని అపాయానికి బెదరినవాడు నిజమైన అపాయాన్ని కొనితెచ్చుకొంటాడు.

కాబట్టి నీటిని చూచి గాని, ఎత్తును చూచి గాని బెదరిన విద్యార్థిని పిరికివాడని గేలిచేయడం న్యాయం కాదు. కారణం కనిపించని భయానికి కారణం లేదనుకొనరాదు. ఆ వేటగానికి ధైర్యం తెచ్చినది ఉపదేశం కాదు. నీటిపై లేచిన చిన్న అల, పక్కకు వచ్చిన తోటివాడు.