వెనుక చక్రముల అరుగుదల



గత వర్షకాలమున మా మేనల్లుడు తల్లిని, ఇద్దరు పిల్లలను వెంటబెట్టుకొని బెంగుళూరు నుండి చిత్తూరునకు తన కారులో వచ్చుచుండెను. పలమనేరు దాటి మొగిలి కనుమ దిగునప్పటికి సన్నని జల్లు మొదలైనది. ఒక వంపున కారు వెనుకభాగము హఠాత్తుగా ప్రక్కకు జారినది. బండి అడ్డముగా తిరిగి, దారి అంచునగల ఇనుపకంచెకు జానెడు దూరమున నిలిచినది. ఆ క్షణమున వెనుక నుండి లారీ ఏదియు రాకపోవుట వారి పురాకృత సుకృతము. నాలుగు ప్రాణములు దక్కినవి.

మరునాడు చిత్తూరిలో టైర్ల అంగడికి వానితో నేనును పోతిని. అంగడి యజమాని కారును జాకీపై ఎత్తించి, వెనుక చక్రము లోపలి అంచుపై దీపము వేసి చూపెను. వెలుపలి నుండి చూచినపుడు టైరు మీది గాట్లు, అనగా వాడుకలో గ్రిప్పు అనునది, కొంత మిగిలియే యున్నది. లోపలి అంచున మాత్రము రబ్బరు పూర్తిగా పోయి ఉక్కుతీగలు బయటపడి యుండెను. రెండవ వెనుక చక్రము స్థితియు అదియే. ముందు చక్రములు చక్కగా నున్నవి.

"మామా, ఈ టైర్లు 18,000 కిలోమీటర్లు మాత్రమే తిరిగినవి. నా పాతకారు టైర్లు 45,000 వచ్చినవి. అమ్మినవారు నాసిరకము అంటగట్టిరి" అని మేనల్లుడు కోపగించెను. అంగడి యజమాని నవ్వి, "టైరునకు కిలోమీటర్లు తెలియవు సార్, మీ కాలు ఎంత బరువో తెలియును" అనెను.

ఆ మాటలోని తత్త్వమును విప్పి చెప్పుటయే నేటి నా ప్రసంగము. మన పిల్లలు బెంగుళూరు నుండియు, చెన్నై నుండియు బలమైన కార్లలో పండుగలకు వచ్చుచున్నారు. ఆ బండి అరుగు తీరు పెద్దలమైన మనకు కొంత తెలిసియుండుట మంచిది.

మొదట మనకు పరిచితమైన ఎద్దులబండిని తలచుకొందము. బండి చక్రము ఊరక దొరలును. నేలను త్రొక్కి బండిని ముందునకు కొనిపోవు పని ఎద్దుల గిట్టలది. కావుననే చక్రమునకు వేసిన ఇనుపకట్టు ఏండ్ల తరబడి నిలుచును. ఎద్దుల కాళ్ల లాడములు మాత్రము మాటిమాటికి మార్చవలసివచ్చును. దొరలునది మెల్లగా అరుగును, నెట్టునది త్వరగా అరుగును. ఈ ఒక్క సూత్రమును మనసున నుంచుకొన్న తక్కిన విషయమంతయు సులభము.

మోటారుకారులో ఎద్దులు లేవు. ఇంజను తన బలమును ఇరుసు ద్వారా చక్రమునకిచ్చును. ఆ చక్రము నేలను వెనుకకు నెట్టి కారును ముందునకు పంపును. అనగా బండిచక్రము పనియు, ఎద్దుగిట్ట పనియు అదియే చేయుచున్నది. ఒక్కొక్క టైరు నేలను తాకుచోటు సుమారు మన అరచేయంత. కారెంత పెద్దదైనను, ఎంత వేగవంతమైనను, దానికి భూమితో గల సంబంధము నాలుగు అరచేతులంతయే.

ఆ అరచేయంత చోట జరుగునదేమి? టైరు నేలను నెట్టునపుడు రబ్బరు సాగును. నేలను విడుచు క్షణమున మరల తన రూపునకు వచ్చును. అట్లు వచ్చునపుడు వెంట్రుకవాసి జారి, కంటికి కనబడని పొడిని దారిమీద విడుచును. మెల్లగా నెట్టిన జారుట స్వల్పము. గట్టిగా నెట్టిన జారుట హెచ్చును, దానితో వేడియు హెచ్చును, వేడికి రబ్బరు మెత్తబడును. కావున బలము రెట్టింపైన అరుగుదల రెట్టింపుతో ఆగదు; అంతకు మించి పోవును. వంపులలో ఇది మరింత స్పష్టము. గంటకు 30 కిలోమీటర్ల వేగమున తిరిగిన వంపునే 60 కిలోమీటర్ల వేగమున తిరిగినచో, టైర్లపై ప్రక్కకు పడు బలము నాలుగు రెట్లగును.

క్రొత్త కారుటైరు గాట్ల లోతు సుమారు 8 మిల్లీమీటర్లు. మన దేశపు మోటారు వాహనముల నిబంధనల ప్రకారము అది 1.6 మిల్లీమీటర్లకు దిగినచో ఆ టైరు కారునకు పనికిరాదు. అనగా టైరు యొక్క మూలధనమంతయు ఆరు మిల్లీమీటర్ల పైచిల్లర మాత్రమే. టైరు చుట్టుకొలత సుమారు రెండు మీటర్లు. కావున 40,000 కిలోమీటర్లు పోవునప్పటికి అది రెండుకోట్ల మారులు తిరుగును. రెండుకోట్ల చుట్లకు ఆరు మిల్లీమీటర్లు! సామాన్యమైన టైరు ఇంత పొదుపుగా అరుగుట నిజముగా ఆశ్చర్యకరము. ఆ పొదుపునకు కారణము 1839లో గుడ్‌ఇయర్ అను అమెరికా దేశీయుడు రబ్బరును గంధకముతో కాచి గట్టిపరచు పద్ధతిని కనుగొనుట ఒకటి. తరువాతి కాలమున రబ్బరులో మెత్తని మసిని కలుపుట రెండవది. టైరునకు నలుపు ఆ మసి వలననే కలిగినది. మసి కలుపక పూర్వపు టైర్లు తెల్లగా నుండి త్వరగా అరిగెడివి. నేడు మన సీమలోనే, వరదయ్యపాళెము మండలములోని చిన్నపండూరు చెంత, 2020 నుండి అపోలో వారి టైర్ల కర్మాగారము నడచుచున్నది.

ఇక వెనుక చక్రముల సంగతి. ఇంజను బలము ముందు చక్రములకు పోవు కార్లు కలవు, వెనుక చక్రములకు పోవునవి కలవు. 1950వ దశకము చివర నుండి 2014 వరకు మన దేశమున తయారైన అంబాసిడరు కారు వెనుక చక్రములతో నడచునదే. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి కారు ముందు చక్రములతో నడచునది. అటుపిమ్మట మన ఊళ్లలో కనబడు చిన్నకార్లు చాలవరకు మారుతి మార్గమునే పట్టినవి. అయితే వేగమే ప్రధానముగా కట్టిన ఖరీదైన కార్లు నేటికిని పెక్కు వెనుక చక్రములనే నమ్ముకొన్నవి. బీ.ఎం.డబ్ల్యూ. సంస్థ 2007 నుండి చెన్నై చెంత కూర్చుచున్న మూడవ శ్రేణి కార్లలో పెక్కు ఈ జాతివి. మా మేనల్లుని కారును ఈ జాతిదే.

వెనుక చక్రములనే ఏల నమ్మవలెను? నిలిచియున్న బస్సు హఠాత్తుగా కదలినచో లోన నిలబడినవారు వెనుకకు తూలుదురు గదా. అట్లే కారు ముందునకు దూకునపుడు దాని భారము వెనుకకు ఒరగును. భారము పడిన చక్రము నేలను బాగుగా పట్టును. కావున నెట్టు పని వెనుక చక్రములకిచ్చి, మలుపు పనిని, ఆపుటలో పెద్దభాగమును ముందు చక్రములకు విడిచిరి. ఇది మంచి ఏర్పాటే. నెమ్మదిగా నడపువాని చేతిలో ఇట్టి కారు నాలుగు టైర్లు దాదాపు సమముగా అరుగును. ముందు చక్రములతో నడచు కారులో నెట్టుట, మలుపుట, ఆపుట యను మూడు పనులు ఒక్క జతపైననే పడుటచే ముందు టైర్లే ముందుగా పోవును.

అట్లయిన మా మేనల్లుని టైర్లు 18,000 కిలోమీటర్లకే ఏల పోయినవి? దానికి నాలుగు కారణములు కనబడినవి.

మొదటిది బలము. తొలినాటి అంబాసిడరు ఇంజను బలము సుమారు 50 అశ్వశక్తులు. నేటి వేగపుకార్లలో 250 అశ్వశక్తులు వింత కాదు. అంత బలమును రెండే రెండు అరచేతుల చోటున నేలకు దింపవలెను. పాదము బరువుగా మోపువానికి ప్రతి కూడలియు టైరుపై ఒక అప్పుపత్రమే.

రెండవది మెత్తదనము. మెత్తని బలపము పలకపై చక్కగా వ్రాయును, త్వరగా అరుగును. గట్టి బలపము చాలకాలముండును, గీరుకొనును. వేగపుకార్లకు పట్టు కావలెనని మెత్తని రబ్బరు టైర్లు వేయుదురు. వానికి 20,000, 30,000 కిలోమీటర్లకే ఆయువు తీరుట సామాన్యము. పట్టును ఆయువును ఒక్కచోట సంపూర్ణముగా కోరరాదు.

మూడవది వెడల్పులోని భేదము. సామాన్యమైన కార్లలో ముందు టైర్లను వెనుకకు, వెనుకవానిని ముందునకు అప్పుడప్పుడు మార్చి అరుగుదలను పంచుదురు. వేగపుకార్లలో పెక్కింటికి వెనుక టైర్లు ముందువానికన్న వెడల్పైనవి. వానిని ముందునకు మార్చ వీలులేదు. కష్టమంతయు ఒక్క జతయే మోయవలెను.

నాలుగవది ఒరపు. వంపులలో పట్టు చెడకుండుటకై ఇట్టి కార్ల వెనుక చక్రములను పైభాగము కొంచెము లోపలికి వాలునట్లు అమర్చుదురు. అందుచే తిన్నని దారిలో టైరు లోపలి అంచుపై భారము హెచ్చును. దానికితోడు గుంటలలో పడి చక్రముల వరుస తప్పినచో, ఆ అంచు ఆకురాయిపై పెట్టినట్లు అరుగును. ప్రక్కన నిలిచి చూచువానికి వెలుపలి అంచే కనబడును గాని ఈ చేటు కనబడదు. మా మేనల్లుని మోసగించినది ఇదియే. అమ్మినవారిపై వాడు మోపిన నేరము నిలువలేదు.

మన సీమ కనుమలు ఈ అరుగుదలకు మరికొంత తోడ్పడును. తిరుమలకు మొదటి కనుమబాట 1944లో ఏర్పడినది. రెండవది 1970వ దశకములో వచ్చినది. నేడు వాహనములు క్రొత్తబాటన ఎక్కి పాతబాటన దిగును. అలిపిరి మెట్లు నడచి ఎక్కినవారి చెప్పులను చూడుడు. ఎక్కునపుడు మునివ్రేళ్లక్రింద, దిగునపుడు మడమక్రింద అరుగును. కారును అంతే. ఎక్కునపుడు వెనుక చక్రములు బండిని మనుష్యులతో సహా పైకి నెట్టవలెను. దిగునపుడు బ్రేకుల భారము ముందు చక్రములపై పడును. గేరు తగ్గించి ఇంజనుతో పట్టి దించినచో ఆ పట్టును వెనుక చక్రములే మోయును. వంపువంపునకు టైర్ల భుజములు నేలను రాచుకొనును. కనుమలోని కిలోమీటరును బయలుదారి కిలోమీటరుతో సమానముగా లెక్కింపరాదు. అయినను దిగునపుడు గేరు తగ్గించుటయే శ్రేయస్కరము. బ్రేకులు కాగి పట్టు తప్పుటకన్న టైరు కొంత అరుగుట మేలు.

అరిగిన టైరు ఎండిన దారిలో తన లోపమును దాచుకొనును, వానలో బయటపెట్టును. గాట్లు ఉన్నది నీటిని ప్రక్కకు తోడివేయుటకు. అవి నిండినచో టైరు నేలను విడిచి నీటిపొరపై తేలును. ముందు చక్రములు తేలినచో కారు తిన్నగా పోవును. నడపువానికి వెంటనే తెలిసి పాదము తీయును. వెనుక చక్రములు జారినచో కారు గిరగిర తిరుగును. దానిని సరిదిద్దుట అలవాటులేనివారికి దుర్లభము. కావుననే రెండు టైర్లు మాత్రమే క్రొత్తవి కొనినవారు, నాలుగు చక్రములు ఒకే కొలతవైనచో, కారు ఏ జాతిదైనను వానిని వెనుకకే వేయవలెనని ఆ విద్య తెలిసినవారు చెప్పుదురు. చక్రము జారకుండ కాచు యంత్రసాధనములు నేటి కార్లలో కలవు. అవి ఉన్న పట్టును జాగ్రత్తగా వాడును. లేని పట్టును సృష్టింపజాలవు.

ఇప్పుడు మనము చేయదగినది చెప్పెదను. దీనికి యంత్రవిద్య అక్కరలేదు. పిల్లల కారు ఇంటిముందు నిలిచి, ఇంజను ఆగి, టైర్లు చల్లబడిన పిదప చేతిఫోనును చక్రము వెనుకకు చాచి లోపలి అంచును ఫోటో తీయుడు. చేతితో తడవదలచినచో గుడ్డ అడ్డుపెట్టుకొనుడు, తీగలు గ్రుచ్చుకొనవచ్చును. గాట్ల అడుగున అక్కడక్కడ చిన్న రబ్బరు గట్లుండును. టైరు పైభాగము ఆ గట్లతో సమమైనచో అది ఇక పనికిరానిది. రెండు అంచులును అరిగి నడుము మిగిలినచో గాలి తక్కువ. నడుము అరిగి అంచులు మిగిలినచో గాలి ఎక్కువ. ఒక్క అంచే అరిగినచో వరుస తప్పినది, అనగా అంగడివారు అలైన్‌మెంటు అనునది చూపవలెను. తగిన గాలి ఎంతయో నడపువాని తలుపుచెంత చీటీపై వ్రాసియుండును. టైర్లు చల్లగా నున్నపుడే దానిని చూడవలెను. టైరు ప్రక్కన నాలుగు అంకెలుండును. 2324 అని యున్నచో 2024వ సంవత్సరము 23వ వారమున తయారైనదని అర్థము. ఏండ్లు గడచినచో గాట్లు ఉన్నను రబ్బరు బీటలువారును. ఊరిలో విడిచిపోయిన కార్లకు ఈ పరీక్ష ముఖ్యము.

ఇవన్నియు చూచిన పిదప, "టైరు ఎన్ని కిలోమీటర్లు వచ్చును?" అని యడుగుటకు మారుగా, "నీవు ఎట్లు నడపుచున్నావు?" అని పిల్లల నడుగవలెను. ఒకే జత ఎద్దులు ఒక బండివాని చేతిలో పదేండ్లు పనిచేయును, వేరొకని చేతిలో మూడేండ్లకే చతికిలబడును. టైరును అట్టిదే. కూడలిలో మెల్లగా కదలుట, వంపునకు ముందే వేగము తగ్గించుట, దూరము నుండియే చూచి పాదము తీయుట, ఈ మూడును డబ్బు ఖర్చులేని మందులు.

మొన్న సంక్రాంతికి మేనల్లుడు మరల వచ్చెను. కారు చల్లబడువరకు ఆగి, నేను గుడ్డముక్క చేతబట్టుకొని వెనుక చక్రము కడకు పోతిని. వాడు నవ్వి, "నేను బయలుదేరకమునుపే చూచితిని మామా" అనెను. అయినను నేనును చూచితిని. మీరును చూడుడు.