కొండవీటి శిథిలములు – ఛాయాచిత్రములు

అమెరికాదేశపు గడ్డిమైదానములలో వానలు లేమిచేతను, రైలుమార్గము దూరమగుటచేతను జనులు విడిచిపోయిన పట్టణములు పెక్కులు గలవు. వాని ఛాయాచిత్రములు దీయుట యచటివారికి మక్కువ. మన ప్రాంతమున నట్టిది కొండవీటికోట.

అనవోతారెడ్డి యద్దంకినుండి రాజధాని నిటకు మార్చెను. పెదకోమటి వేమారెడ్డి కొలువున శ్రీనాథకవి విద్యాధికారిగ నుండెను. పిమ్మట గజపతులు, 1515లో కృష్ణదేవరాయలు, ఆపై గోలకొండవారు, ఫ్రెంచివారు, 1788లో ఇంగ్లీషు కంపెనీవారు దీనిని జేకొనిరి. ఇన్ని చేతులు మారియు నిలిచిన కోట, అధికారము గుంటూరు చేరగనే పాడువడెను. ఫిరంగికంటె కచేరి తరలిపోవుటయే యూళ్లకు గొడ్డలిపెట్టని నా తలంపు.

నేడు ఘాటురోడ్డున బోయి యెల్లరును ఫోనులతో చిత్రములు దీయుచున్నారు, మంచిదే. కాని మిట్టమధ్యాహ్నము దీసిన చిత్రమున శాసనాక్షరములు సరిగా గానరావు. ఉదయముననో సాయంకాలముననో యెండ యేటవాలుగ బడునపుడు దీసినచో ప్రతి గీతయు నీడతో తేలును. అక్షరములకు సుద్ద రాయరాదు, నూనె పూయరాదు. ప్రక్క నొక కొలబద్ద నుంచిన రాతి పరిమాణము తెలియును.

అయినను చిత్రమునకు రాయి చిక్కును గాని పేరు చిక్కదు. కొండమీది వెదుళ్లచెరువు, ముత్యాలమ్మచెరువు, పుట్టలమ్మచెరువుల పేళ్లు పలువురెరుగుదురు. మరి యీ బురుజును మీ తాతలేమని పిలిచిరి? ఈ దిడ్డినుండి దారి యేయూరికి బోయెడిది? మెకంజీదొర కైఫీయతులు గ్రామములవారి నడిగి వ్రాయించినవే గదా! మీ మనుమడు చిత్రము చూపినపుడు ఆ చోటి పేరును, దిక్కును జెప్పి, తేదీతో గూడ నప్పుడే వ్రాయింపుడు.