తీగ లావైతే గిటార్ మెడ ఎందుకు వంగుతుంది?

పాలకొల్లులో 1969లో పుట్టిన యు. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతం పలికించారు. ఆ వాయిద్యానికి మామూలుగా ఉండే నాలుగు జతల తీగలు వదిలి, ఐదు ఒంటి తీగలు వాడారు. గమకం కోసం ఒంటి తీగను లాగడం తేలిక మరి!

తీగ మార్చితే వాయిద్యం తీరే మారుతుంది. ఎలక్ట్రిక్ గిటార్‌కి లావు తీగలు వేసి చూడండి, ఆ సంగతి వెంటనే తెలుస్తుంది.

ఎందుకు? అదే శ్రుతి రావాలంటే లావు తీగను ఇంకా బిగించాలి. 0.009 అంగుళాల ఉక్కు తీగ బదులు 0.010 వేస్తే బిగువు దాదాపు 23 శాతం పెరుగుతుంది. అలా ఆరు తీగలూ మారిస్తే, అవన్నీ కలిసి సుమారు 38 కిలోల బదులు 46 కిలోల బరువుతో లాగుతాయి. దాంతో మెడ ముందుకు వంగుతుంది. తీగలు మెట్లకు ఎత్తుగా నిలిచి, వేళ్లు నొప్పెడతాయి.

సరిచేయడం ఎలా? మెడలో ట్రస్ రాడ్ అనే ఉక్కు కడ్డీ ఉంటుంది. దాని నట్టును సాధారణంగా కుడివైపు పావు చుట్టు తిప్పి, మళ్లీ శ్రుతి చేసి చూడాలి. ఒక్కసారే ఎక్కువ తిప్పితే కడ్డీ దెబ్బతినవచ్చు. స్వరాన్ని ఊపే ట్రెమొలో మీట ఉంటే గిటార్ వెనక స్ప్రింగులనూ బిగించాలి. మెడ పైచివర గాడిలో తీగ ఇరుక్కుంటే సన్నని ఆకురాయితో గాడిని కాస్త వెడల్పు చేయాలి.

చివరగా 12వ మెట్టు చూడాలి. అక్కడ తీగను నొక్కి మీటిన స్వరం, ఊరికే తాకి పలికించిన హార్మోనిక్ కన్నా హెచ్చుగా ఉంటే, తీగ పొడవు పెరిగేలా బ్రిడ్జి మీద తీగ ఆనే శాడిల్‌ను వెనక్కి జరపాలి. తగ్గుగా ఉంటే ముందుకు.